మొదటి ఇంటర్వ్యూ రోజు: పొద్దున్నుంచి చివరి రౌండ్ దాకా ఓపిక నిలుపుకోవడం ఎలా?

"రాత పరీక్ష బాగానే రాశాను. గ్రూప్ డిస్కషన్ (జీడీ)లోనూ మాట్లాడాను. టెక్నికల్ ఫర్వాలేదు. సాయంత్రం హెచ్ఆర్ ముందు కూర్చునేసరికి నోరు పెగల్లేదు. అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఎక్కడ తేడా వచ్చింది?"

చదువు ముగించి మొదటి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే. తేడా జవాబుల్లో రాలేదు, ఓపికలో వచ్చింది. ఫ్రెషర్లకు చాలా సంస్థలు రౌండ్లన్నీ ఒక్క రోజులోనే కానిచ్చేస్తాయి. ఆ రోజు మొత్తంలో మీరు నిజంగా మాట్లాడేది గంటకు అటూ ఇటూ. మిగతాదంతా కుర్చీలో కూర్చుని ఎదురుచూడటమే. అందరూ ఆ ఒక్క గంట కోసం నెలల తరబడి చదువుతారు, మిగతా గంటల గురించి ఎవరూ ఆలోచించరు. అలిసిపోయేది అక్కడే. అందుకని ఇక్కడ "అడగబోయే వంద ప్రశ్నలు" లాంటివేమీ ఇవ్వడం లేదు. రోజును ఎలా గడపాలో చెబుతాను.

దగ్గర ఉండాల్సినవి

సంచి రాత్రే సర్దేయండి.

- రెజ్యూమే ప్రింట్లు నాలుగైదు. ఒక్కో రౌండ్‌లో ఒక్కొక్కరు తీసుకుంటారు, తిరిగి ఇస్తారన్న నమ్మకం లేదు. అన్నీ ఒకే వెర్షన్ అయి ఉండాలి. పాతదొకటి కలిస్తే ఇద్దరి చేతిలో రెండు రకాల వివరాలు ఉంటాయి.
- పిలుపు మెయిల్ ప్రింటు, లేదా కనీసం స్క్రీన్‌షాట్. గేటు దగ్గర సరిగ్గా అప్పుడే సిగ్నల్ ఉండదు.
- ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, అసలుది.
- మార్కుల జాబితాలు, డిగ్రీ పట్టా లేదా ప్రొవిజనల్. అసలువి ఒక ఫోల్డర్‌లో, జిరాక్సులు ఇంకో ఫోల్డర్‌లో. అసలువి చూపించి అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. "మా దగ్గర ఉంచి వెళ్లండి" అంటే ఒప్పుకోవద్దు.
- పాస్‌పోర్టు సైజు ఫోటోలు, రెండు పెన్నులు, చిన్న నోటుపుస్తకం.
- నీళ్ల సీసా, మీ కడుపుకు అలవాటైన చిరుతిండి కొంచెం.
- ఛార్జర్, పవర్ బ్యాంక్.
- చేతిరుమాలు. తలనొప్పి వచ్చే అలవాటుంటే మీరెప్పుడూ వేసుకునే మాత్ర. కొత్త మందులు ఆ రోజు ప్రయత్నించకండి.

1. రెజ్యూమేను ముందు మీరే ఉతికి ఆరేయండి

ఇది రెండు మూడు రోజుల ముందే కావాలి. మీ సబ్జెక్టుతో సంబంధం లేని మనిషికి మొదటి పేజీ ఇచ్చి పది సెకన్లు చూడనివ్వండి. కాగితం బోర్లించి, "నా గురించి ఏం తెలిసింది?" అని అడగండి. మీరేం చదివారు, మీరు చేసిన ముఖ్యమైన పని ఏమిటి, ఏ ఉద్యోగం కోసం చూస్తున్నారు, ఈ మూడూ చెప్పగలిగితే చాలు. చెప్పలేకపోతే పేజీ కిక్కిరిసిపోయిందని అర్థం.

తర్వాత పెన్సిల్ పట్టుకుని ఒక్కో పంక్తి దగ్గర ఆగండి. ఏం చేశాను? అలాగే ఎందుకు చేశాను? పని జరిగిందని ఎలా తెలిసింది? మూడింటికీ జవాబు రాని పంక్తిని మొహమాటం లేకుండా కొట్టేయండి. ఎక్కువమంది దొరికిపోయేది నైపుణ్యాల వరుసలో. బాగా వచ్చినవి రెండు రాసి, పక్కన పేర్లు మాత్రమే తెలిసినవి ఐదు చేరుస్తారు. అవతలివాళ్ల వేలు సరిగ్గా ఆ ఐదింటిలో ఒకదాని మీద పడుతుంది.

ఇక "మీ గురించి చెప్పండి". దీన్ని కాగితం మీద రాసి బట్టీ పట్టకండి, మధ్యలో ఒక్క వాక్యం మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. నాలుగు మెట్లు గుర్తుంచుకోండి: ఏం చదివాను, చదువులో భాగంగా చేసిన ఒక పని, అందులో నాకు పట్టుబడినది, ఈ ఉద్యోగానికి ఎందుకు వచ్చాను. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. అరవై నుంచి తొంభై సెకన్లలో ముగియాలి. "అంటే", "సో", "బేసిక్‌గా" ఎన్నిసార్లు వచ్చాయో గీతలు పెట్టి లెక్కపెట్టండి. మరుసటి రోజు ఆ గీతలు సగానికి తగ్గాయా లేదా చూడండి. పూర్తిగా పోనక్కర్లేదు. ఒక్క తడబాటూ లేకుండా మాట్లాడితే అప్పగించినట్టే వినిపిస్తుంది.

2. ముందు రోజు రాత్రి

సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానేయండి. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగింది పదకొండింటికి కూడా సగం లోపలే ఉంటుంది. కొత్త పాఠం ఏదీ తెరవకండి. తెరిస్తే అది రాదని తెలుస్తుంది, ఇక నిద్ర పట్టదు. అయినా నిద్ర పట్టకపోతే కంగారు వద్దు. కళ్లు మూసుకుని పడుకోండి, ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టండి.

బట్టల గురించి చెప్పాల్సింది తక్కువే: శుభ్రంగా, ఇస్త్రీ చేసి, కూర్చున్నప్పుడు బిగుసుకోకుండా ఉంటే చాలు. చెప్పులు, బూట్లు మాత్రం కొత్తవి వద్దు. మధ్యాహ్నానికి మడమ ఒరుసుకుపోతే, టెక్నికల్ రౌండ్‌లో మీ బుర్ర సగం పాదంలోనే ఉంటుంది. దారిలో చొక్కా మీద మరక పడిందనుకోండి, కడిగి వదిలేయండి. 2000లో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు విద్యార్థుల చేత సిగ్గుపడేలాంటి టీషర్టు వేయించి, మిగతావాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది పావు వంతు మందే.

3. పొద్దున: మరీ ముందు వెళ్లకండి

చెప్పిన సమయానికి అరగంట ముందు గేటు దగ్గర ఉంటే సరిపోతుంది. రెండు గంటల ముందు వెళ్లడం శ్రద్ధ అనిపిస్తుంది గానీ, అసలే పొడుగ్గా ఉన్న రోజును మీ చేతులతో మీరే ఇంకా సాగదీసుకున్నట్టు. ఆలస్యం భయం ఉంటే త్వరగా బయల్దేరి, ఆ చుట్టుపక్కల ఎక్కడైనా కూర్చోండి. నిరీక్షణ గది లోపలికి మాత్రం సమయానికే.

రిజిస్టర్‌లో సంతకం అయ్యాక, అక్కడ వ్యవహారం చూస్తున్నవారిని మర్యాదగా మూడు విషయాలు అడగండి. "ఇవాళ ఎన్ని రౌండ్లున్నాయండీ? ఎవరు ముందుకు వెళ్లారో ఎలా చెబుతారు, పేరు పిలుస్తారా, బోర్డు మీద పెడతారా, మెయిల్ వస్తుందా? భోజనానికి విరామం ఉంటుందా?" అడిగితే ఏమనుకుంటారోనని చాలామంది అడగరు. ఆ తర్వాత రోజంతా పక్కవాళ్ల ఊహాగానాల మీద బతుకుతారు.

4. రాత పరీక్ష

మొదటి రెండు నిమిషాలు సూచనలకే ఇవ్వండి. వెనక్కి వెళ్లి జవాబు మార్చుకోవచ్చా, ఒక్కో విభాగానికి విడి గడియారం ఉందా, తప్పు జవాబుకు మార్కు కోస్తారా, ఈ మూడూ వెతకండి.

కోత విషయంలో ఊహలు వద్దు, లెక్క ఉంది. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు ఒప్పయితే 1 మార్కు, తప్పయితే 1/3 కోత అనుకోండి. గుడ్డిగా పెట్టుకుంటూ పోతే సగటున సున్నా, లాభమూ లేదు నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్‌ను మాత్రం "ఇది కచ్చితంగా కాదు" అని తీసేయగలిగితే, మిగిలిన మూడింటిలో ఒకటి పెట్టడం లాభమే: సగటున ప్రశ్నకు 1/9 మార్కు. కోత 1/4 మాత్రమే అయితే గుడ్డిగా పెట్టినా సగటున కాస్త మిగులుతుంది. కోతే లేకపోతే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. అంచనాగా పెట్టడం తప్పు పని అనుకుని వదిలేసేవాళ్లు ప్రతి హాల్లో ఉంటారు.

పరీక్ష అయ్యాక బయట గుంపుగా చేరి జవాబులు పోల్చుకోకండి. ఇచ్చేసిన పేపరు మారదు.

5. జీడీ

ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పది మందికి పదిహేను నిమిషాలిచ్చారంటే తలా ఒకటిన్నర నిమిషం. అంటే అరనిమిషం చొప్పున మూడుసార్లు మాట్లాడితే మీ వాటా మీరు వాడుకున్నట్టే. మొదట మాట్లాడినవాళ్లకే మార్కులన్నది ఒట్టి మాట. చెప్పడానికేమీ లేకుండా మొదలుపెట్టి రెండో వాక్యానికే ఆగిపోతే నష్టమే. అందరూ ఒకేసారి అరుస్తుంటే గొంతు పెంచకండి. అంతకుముందు ఎవరో చెప్పిన మాటను పట్టుకోండి: "ఇందాక వారు ఖర్చు గురించి అన్నారు కదా, దానికి ఒకటి కలుపుతాను." ఎదుటివాళ్ల మాట విన్నారని దాంతో తెలుస్తుంది, అరిచేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు.

గొంతు ఇక్కడే పోగొట్టుకోకండి. సాయంత్రం అదే గొంతుతో ఇంకో రెండు రౌండ్లు మాట్లాడాలి.

6. నిరీక్షణ: అసలు పరీక్ష ఇదే

ఒకతను తలుపు తోసుకుని బయటికొస్తాడు. చేతిలో ఫైలు ఇంకా సర్దుకోనే లేదు, పది మంది చుట్టూ మూగుతారు. "ఏం అడిగారు? ఏం అడిగారు?" అతను రెండు ప్రశ్నలు చెబుతాడు, అవి మీకు రావు. గుండె జారిపోతుంది, ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతారు. మీ వంతు వచ్చేసరికి ఆ ప్రశ్నలు అడగరు, ఎందుకంటే అవి అతని రెజ్యూమేలోంచి పుట్టినవి. ఇలాంటివి నాలుగైదు జరిగేసరికి మీరు లోపలికి వెళ్లకుండానే నలుగురి ఇంటర్వ్యూలు మోసినంత అలసట. ఎవరైనా బయటికొస్తే, ఎంతసేపు పట్టింది, లోపల ఎంతమంది ఉన్నారు, కాగితం మీద రాయించారా, ఇవి మాత్రం అడగండి. ప్రశ్నలు వద్దు.

ఎక్కడ కూర్చోవాలన్నదీ ముఖ్యమే. పేర్లు పిలిచేవాళ్ల గొంతు వినిపించే చోట, ఏసీ గాలి నేరుగా మీద పడని చోట కూర్చోండి. పిలిచేవాళ్లు మీ పేరు సగం మింగేయొచ్చు, ఇంటిపేరుతో మాత్రమే పిలవొచ్చు. మీ పేరులా వినిపించిన ప్రతిసారీ లేచి అడగండి, నామోషీ లేదు. బాత్రూమ్‌కో నీళ్లకో వెళ్లాల్సి వస్తే వ్యవహారం చూస్తున్నవారికి చెప్పి వెళ్లండి: "ఐదు నిమిషాల్లో వస్తానండీ, ఈలోగా పిలిస్తే కాస్త చూడండి." చెప్పకుండా వెళ్తే పేరు పిలిచి, గైర్హాజరని రాసుకుని ముందుకు పోవచ్చు.

ఫోన్ దగ్గర జాగ్రత్త. వీడియోలు చూస్తూ కూర్చుంటే కాలం గడుస్తుంది నిజమే, కళ్లూ బుర్రా కూడా వాటితో పాటే అరిగిపోతాయి. పైగా నాలుగింటికి బ్యాటరీ ఎర్రగా మారుతుంది, ఫలితం మెయిల్‌కి వస్తుందన్నారు కదా! ఇంట్లోవాళ్లకు పొద్దునే చెప్పేయండి: "నేనే చేస్తాను, మీరు చేయకండి." లేకపోతే గంటకోసారి "ఏమైంది?" అని వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడంతోనే సగం నీరసం వస్తుంది.

తిండి మానకండి. "పిలుస్తారేమో" అని మధ్యాహ్నం తినకుండా ఉండిపోవడం మొదటిసారి వెళ్లేవాళ్లందరూ చేసే పని. మూడింటికల్లా తల తిరుగుతుంది. విరామం ఇవ్వకపోతే మీ సంచిలోది కొంచెం కొంచెంగా తినండి. కడుపు నిండా తినడం కూడా పొరపాటే, నిద్ర ముంచుకొస్తుంది. నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. బాత్రూమ్ భయంతో నీళ్లు మానేస్తే గొంతు ఎండి మాట పీలగా వస్తుంది.

గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. రెండు మూడు గంటలు మౌనంగా కూర్చున్నాక మొదటి మాట బొంగురుగా వస్తుందని కూడా గుర్తుంచుకోండి. పక్కన కూర్చున్నవారితో ఏదో ఒక మాట కలపండి, ఉద్యోగం గురించి తప్ప. గొంతు తెరుచుకుంటుంది, మనసూ తేలికపడుతుంది.

ఇంకొకటి. మీతో వచ్చిన స్నేహితుడి పేరు జాబితాలో లేకపోవచ్చు. ఆ క్షణం ఇద్దరికీ ఇబ్బందే. అతన్ని సాయంత్రం దాకా మీకోసం అక్కడే కూర్చోబెట్టకండి. "నువ్వు వెళ్లు, రాత్రికి మాట్లాడుకుందాం" అనండి. అతనికీ అదే మేలు, మీకూ అదే మేలు.

సరిచూసుకోవడానికి: పేరు పిలిచే ముందు ఎప్పుడైనా మీ ప్రాజెక్టును మూడు వాక్యాల్లో మనసులో చెప్పుకోండి. చెప్పగలిగితే బుర్ర బాగానే ఉంది. వాక్యాలు కలగాపులగం అవుతుంటే చదవడం ఆపి, కళ్లు మూసుకుని పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

7. టెక్నికల్ రౌండ్

ఫ్రెషర్ దగ్గర వాళ్లకు దొరికేది ప్రాజెక్టే, కాబట్టి అక్కడే తవ్వుతారు. ఇలా సాగుతుంది:

"ఇందులో మీరు చేసిందేమిటి?"
"మేం నలుగురం కలిసి హాజరు యాప్ చేశాం సర్."
"మీరేం చేశారు?"
"నేను... అన్నిట్లోనూ ఉన్నాను సర్."

ఇక ఆ ప్రాజెక్టు మీ ఖాతాలో పడదు. అదే మనిషి ఇలా చెప్పి ఉండొచ్చు:

"నలుగురం చేశాం సర్, డేటాబేస్ నాది. హాజరు టేబుల్‌లో మొదట సెక్షన్ పెట్టలేదు, విద్యార్థి టేబుల్ నుంచే తీసుకునేవాళ్లం. మధ్యలో ఒకరు సెక్షన్ మారితే వాళ్ల పాత హాజరు కూడా కొత్త సెక్షన్ లెక్కలోకి వెళ్లిపోయింది. అందుకని ఏ రోజు ఏ సెక్షన్‌లో ఉన్నారో హాజరుతో పాటే రాసేలా మార్చాను."

గొప్ప పనేం కాదు ఇది. కానీ చేసినవాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతి. మీ ప్రాజెక్టులో ఇలాంటిది ఒక్కటి, ఎక్కడ చెడింది, ఎలా తెలిసింది, ఏం మార్చారు, వెతికి పెట్టుకోండి. నలుగురు చేసిన పనిలో మీ వాటా చిన్నదైతే చిన్నదనే చెప్పండి. పెద్దది చేసి చెబితే తర్వాతి ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

రెండో విషయం, పైకి ఆలోచించడం. "1000 పేర్లున్న జాబితాలో ఒక పేరు ఎలా వెతుకుతారు?" అని అడిగారనుకోండి. వెంటనే జవాబు విసరకండి. "జాబితా అక్షర క్రమంలో ఉందా సర్?" అని అడగండి. ఉందంటే, మధ్యలో ఉన్న పేరు చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ పోతే ఎక్కువలో ఎక్కువ 10 పోలికల్లో తేలిపోతుంది. క్రమంలో లేదంటే ఒక్కొక్కటీ చూడాల్సిందే. ఆ ఎదురు ప్రశ్నకే సగం మార్కులు. కామర్స్ చదివినవాళ్లకూ ఇదే దారి: "తరుగుదలకు డబ్బు చేతిలోంచి పోదు కదా, లాభంలోంచి ఎందుకు తీస్తారు?" అంటే నిర్వచనం అప్పజెప్పకుండా, యంత్రం కొన్న ఖర్చును ఒక్క ఏడాది మీదే వేయకుండా అది పనిచేసే ఏళ్లన్నిటికీ పంచుతున్నామని ఒక చిన్న లెక్కతో చూపించండి.

తెలియని ప్రశ్న వస్తే? వస్తుంది, కచ్చితంగా. మూడు రకాలుగా చెప్పొచ్చు. అసలేమీ తెలియకపోతే "అది నేను చదవలేదు సర్" అని ఆపేయండి. కొంత తెలిస్తే "ఇంతవరకు తెలుసు, ఆ తర్వాతిది ఊహ" అని గీత గీసి చెప్పండి. తెలిసి మరిచిపోతే "ఒక్క నిమిషం ఆలోచించవచ్చా?" అనండి, ఇస్తారు. నోటికొచ్చింది చెప్పి కాలం నెట్టడమే అన్నిటికంటే చేటు. వరసగా రెండు ప్రశ్నలకు తెలియదన్నా మూడోది మామూలుగానే వినండి. ఎక్కడిదాకా వచ్చో చూడాలని కావాలనే కష్టంవైపు తీసుకెళ్లేవాళ్లు చాలామంది.

8. చివరి రౌండ్‌కు ముందు పది నిమిషాలు

మీ వంతు దగ్గరపడిందని తెలియగానే ఈ వరుసలో చేయండి: బాత్రూమ్, ముఖం మీద చల్లని నీళ్లు, రెండు గుక్కల నీళ్లు, ఫోన్ సైలెంట్. తర్వాత మీ రెజ్యూమే ఒక్కసారి పై నుంచి కింది దాకా చదవండి. ఇంకేమీ చదవకండి. అలసటలో సొంత ప్రాజెక్టు ఏ ఏడాదిదో కూడా తట్టదు, నవ్వులాట కాదు.

గుండె దడదడలాడుతుంటే "శాంతంగా ఉండాలి, శాంతంగా ఉండాలి" అని మీ మీద మీరు యుద్ధం చేయకండి. "ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకోండి. వెర్రిగా అనిపిస్తుంది గానీ, హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, అలా అనుకున్నవాళ్లు పాటలోనూ ప్రసంగంలోనూ లెక్కల్లోనూ మెరుగ్గా చేశారు.

9. హెచ్ఆర్ రౌండ్

ఇది మాటామంతీలా ఉంటుంది, అందుకే ప్రమాదం. అలసిపోయిన మనిషి రెండు విధాలుగా జారతాడు: పొడి పొడిగా "అవును", "లేదు" అంటాడు, లేదా ఆపకుండా చెప్పుకుపోతాడు. ప్రతి జవాబూ మూడు నాలుగు వాక్యాల్లో ముగించి, ఆగి, వాళ్ల ముఖం చూడండి.

"కష్టమైన సందర్భం చెప్పండి" అంటే ఈ క్రమం పాటించండి: సందర్భం, అందులో మీ బాధ్యత, మీరు చేసింది, చివరికి ఏమైంది. చాలామంది సందర్భం దగ్గరే రెండు నిమిషాలు తినేస్తారు. దానికి ఒక్క వాక్యం చాలు.

"మీ బలహీనత?" అంటే "నేను పర్ఫెక్షనిస్టుని" అనకండి. వాళ్లు ఆ రోజే చాలాసార్లు విని ఉంటారు. నిజమైనదే, చిన్నదే చెప్పి, దానికి ఇప్పుడు ఏం చేస్తున్నారో కలపండి: "గడువు చివర్లో కంగారుపడతాను, ఇప్పుడు పనిని ముక్కలు చేసి తేదీలు వేసుకుంటున్నాను."

వేరే ఊరు, రాత్రి షిఫ్టులు కుదురుతాయా అంటే ఇంట్లో ముందే మాట్లాడుకున్న జవాబే చెప్పండి. అలసటలో అన్నిటికీ తలూపి, తర్వాత వెనక్కి తగ్గడం ఇద్దరికీ ఇబ్బంది. జీతం మాట వస్తే మొత్తం ప్యాకేజీ ఎంత, నెల నెలా చేతికొచ్చేది ఎంత అని విడివిడిగా అడగండి, తప్పేం లేదు. ఇన్నేళ్లు పనిచేయాలన్న ఒప్పందం ఉందా, శిక్షణ కాలంలో జీతం ఎంత అన్నవి కూడా ఇక్కడే. సంతకం చేయమని కాగితం ముందుకు తోస్తే, "చదువుకుని రేపు ఇస్తానండీ" అనొచ్చు.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. "ఏమీ లేదు సర్" అనకండి. "చేరిన మొదటి మూడు నెలల్లో నేను ఏ పని చేయాల్సి ఉంటుంది?" ఒక్కటి చాలు. ఎంతసేపు కూర్చోబెట్టారన్న నిష్ఠూరం మాత్రం అక్కడ వద్దు, నవ్వుతూ అన్నా సరే.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే

వెలుగు మీ ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు. కెమెరా కంటి ఎత్తులో, వైరున్న ఇయర్‌ఫోన్లు, ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌కి పెట్టి, నెట్ పోతే వాడుకోవడానికి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా. ముందు రోజు ఒక స్నేహితుడితో అదే యాప్‌లో పది నిమిషాలు మాట్లాడి, మీ గొంతు ఎలా వినిపిస్తోందో అడగండి. తెర పక్కన జవాబులు అంటించుకుని చదవకండి, కళ్లు పక్కకు కదలడం అవతలికి స్పష్టంగా కనిపిస్తుంది. రౌండ్ల మధ్య మంచమెక్కకండి.

10. బయటికొచ్చాక

గంటలోపు, దారిలోనైనా సరే, గుర్తున్న ప్రశ్నలన్నీ నోటుపుస్తకంలో రాయండి. ఒక్కోదాని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి: చెప్పాను, తడబడ్డాను, తెలియదు. రెండు రోజులు ఆగి చూస్తే "తడబడ్డాను" కిందివే మీరు నిజంగా చదవాల్సినవి. అవి మీకు వచ్చు, అప్పుడు నోటికి రాలేదు, అంతే. ఏ రౌండ్ నుంచి తడబాట్లు ఎక్కువయ్యాయో కూడా చూడండి. సాయంత్రంవే ఎక్కువైతే మళ్లీసారి మార్చాల్సింది 6వ అంకె కిందివి. పొద్దున్నుంచీ ఒకేలా ఉంటే పుస్తకం తీయాల్సిందే.

ఫలితాన్ని ముఖాలు చూసి ఊహించకండి. "మేమే చెబుతాం" అనడం, నవ్వడం, తొందరగా పంపేయడం, వీటిలో దేనికీ స్థిరమైన అర్థం లేదు.

"ఎంపికయ్యారు, ముందు కొంత డబ్బు కట్టండి" అని ఫోనో మెయిలో వస్తే, అది శిక్షణ పేరైనా పూచీ పేరైనా కట్టకండి. ప్రైవేటు నియామక ఏజెన్సీలు ఉద్యోగార్థుల దగ్గర రుసుము వసూలు చేయకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలోని 7వ అధికరణం చెప్పే సాధారణ నియమం. మెయిల్ చిరునామాలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఉందా చూడండి. అనుమానముంటే ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా, సంస్థ వెబ్‌సైట్‌లో మీరే వెతికిన నంబరుకు ఫోన్ చేయండి.

మరునాడు ఒక చిన్న మెయిల్: "నిన్న ఫలానా ఉద్యోగానికి ఇంటర్వ్యూకి హాజరయ్యాను. సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు. ఇంకేమైనా పత్రాలు కావాలంటే తెలియజేయగలరు." అంతకు మించి రాయకండి. వాళ్లు చెప్పిన తేదీ దాటి మూడు పనిదినాలైనా కబురు రాకపోతే అదే మెయిల్ కిందే అడగండి: "ఫలితం గురించి తెలియజేయగలరా?" వారం తర్వాత ఇంకొక్కసారి. దానికీ జవాబు లేకపోతే ఆ సంస్థకు రాయడం ఆపి, నోటుపుస్తకంలో "తడబడ్డాను" అని పెట్టినవాటిలో మొదటిది తీయండి.